డబ్బా పాల సేఠ్ దగ్గరికి బర్రెతో ప్రయాణం

మూసీ మీది నయాపూల్ వంతెన సగం దాటాక మా బర్రె నిలబడిపోయింది. వెనక టాంగాలు, ఎడ్లబండ్లు, ఒక మోటారు బస్సు. మా అత్తమ్మ మాత్రం తాపీగా దాని మెడ నిమురుతూ, "కచేరీకి పోతున్నం బిడ్డా, జర మంచిగ నడువు" అని బుజ్జగించింది.

మేము పురానాపూల్ వంతెన అవతల పాలమ్ముకొని బతికేవాళ్ళం. బర్రెను గుమ్మం ముందుకు తోలుకుపోయి, ఖాళీ చెంబు బోర్లించి చూపించి, ఇంటావిడ కళ్ళముందే పిండడం మా పద్ధతి. నీళ్ళు కలిపారన్న మాట రాదు. యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో కొత్త హుకుం వచ్చింది. మేం ఈ ప్రయాణం చేసిన మర్నాటి నుంచి పాలబర్రెలు రోడ్డెక్కకూడదు, వాటితో రోగాలొస్తాయి, పాలన్నీ డబ్బా పాల కంపెనీకే పోయాలి, ఊరికి కంపెనీయే అమ్ముతుంది. కంపెనీ ఇచ్చే ధర గడ్డికే చాలదు. మా ఆయన జ్వరంతో మంచాన ఉన్నాడు, మాకున్నది ఒక్క బర్రె. హుకుం రాసిన మెంబరును సర్కారు కచేరీలో బతిమాలుకుందామని పొద్దున్నే బయలుదేరాం. బర్రె ఎందుకంటారా? మురికిదన్నారు కదా, కళ్ళారా చూసుకుంటారని అత్తమ్మ దాన్ని మూసీలో తోమి, కొమ్ములకు నూనె రాసి సాక్ష్యానికి తెచ్చింది.

కచేరీకి పోదలచినవాళ్ళకు ఒక మాట. పదకొండుకు ముందు పోతే ఊడ్చేవాడు తప్ప ఎవరూ ఉండరు. గోడ నీడన జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తిని కూచున్నాం. పిలుపొచ్చాక జవాను మమ్మల్ని వదిలాడు గానీ సాక్షిని గేటు దగ్గరే ఆపేశాడు.

మెంబరు తెల్ల తలపాగాతో కుర్చీ నిండా ఉన్నాడు. అంతా విని మాకంటే ఎక్కువ బాధపడ్డాడు. "నా చేతుల ఏమున్నదమ్మా, పాల సంగతి కంపెనీకెరుక. పత్తర్‌గట్టిల దఫ్తరున్నది, ఆడ అడుగుండ్రి" అన్నాడు.

ఎండలో పత్తర్‌గట్టి దాకా నడిచాం. బర్రె వెంట ఉంటే టాంగావాళ్ళు మీ వైపు చూడను కూడా చూడరు. ఒక గాజుల దుకాణం ముందు ఆగితే, "బర్రెక్కూడ గాజులేపిస్తవా చెల్లె?" అన్నాడు దుకాణం భాయ్. నాలుగు కాళ్ళకు ఏపియ్యాలంటే నీ దుకాణం సరిపోదు భాయ్ అన్నాను.

కంపెనీ దఫ్తరు మేడ మీద. బర్రెను కింద కట్టేసి, అత్తమ్మను పైకి ఎక్కించి చూద్దును కదా, కుర్చీలో అదే మనిషి! తలపాగా మేకుకు వేలాడుతోంది. మోటారులో మాకంటే ముందే చేరాడు. సిగ్గుపడతాడనుకున్నాను. ఎన్నడూ చూడనట్టు ఎవరమ్మా మీరని అడిగాడు.

మళ్ళీ మొదటి నుంచీ చెప్పాం. మళ్ళీ బాధపడ్డాడు. "కంపెనీ ఏం జేస్తదమ్మా, సర్కారు హుకుమాయె. కచేరీల దరఖాస్తు పెట్టుకోండ్రి."

"ఆడ గూడ నువ్వే ఉన్నవు గద దొరా" అంది అత్తమ్మ.

"ఆడ నేను మెంబర్ని. ఈడ సేఠ్‌ను."

తిరుగుదారిలో, పురానాపూల్‌కు ఇవతల ఆ సేఠ్ బంగళా ఉంది. పొద్దు వాలింది, బర్రెకు పిండే వేళ దాటుతోంది. వెనక గేటులోంచి సేఠ్ తల్లి మమ్మల్ని పిలిచి, తన గిన్నె తనే బోర్లించి చూపించి, తన కళ్ళముందే పిండమంది. మీ ఇంటికి డబ్బా పాలు వస్తాయి కదా పెద్దమ్మా అన్నాను.

"థూ, అవి ఊరికమ్మేటియి. మా కొడుకు గూడ ముట్టడు. రేపు పొద్దుగాల గూడ తోలుకరా."

రేపటి నుంచి రోడ్డు బందని చెప్పాను.

"ఎవడాపుతడు? మెంబరు తల్లి పిలిచిందని చెప్పు."

చీకటి పడుతుండగా వంతెన దాటాం. ఒక్క రోజులో రెండు దర్బార్లు చూశాను. ఊరిని ఏలడం నేననుకున్నంత కష్టమేమీ కాదు. ఒక మోటారు, రెండు కుర్చీలు, తలపాగాకు ఒక మేకు ఉంటే చాలు. నడిచేవాళ్ళు ఎలాగూ మేమున్నాం.

మర్నాడు కోడి కూయకముందే లేచి మా గల్లీలో బర్రెలున్న ప్రతి ఇంటి తలుపూ తట్టాను. ఎవరు ఆపినా మెంబరు తల్లికి పాలు పిండనీకి పోతున్నమని చెప్పుండ్రి అని అందరికీ నేర్పాను. వంతెన మీద పోలీసు మొదటి బర్రెకు సలాం కొట్టాడు, ఐదో బర్రెకు తల గోక్కున్నాడు, ఆ తర్వాత పక్కకు తిరిగి బీడీ ముట్టించాడు. నేను పెద్దమ్మ గిన్నె నింపి, బర్రెను మేం రోజూ పాలు పోసే ఇళ్ళ వైపు తిప్పాను.