ఫుజైరా క్యాంపులో గేమ్ రూమ్ పర్శరాములు

గేమ్ రూమ్ మాట ఎత్తితే పర్శరాములుకు ఒళ్ళు మండేది. పాత అతిథులెవరైనా తాళం వేసిన ఆ గది ముందు నిలబడి, "అయ్యో, మూసేశారా? మా పిల్లల చిన్నతనమంతా ఇక్కడే గడిచింది కదా" అని వాపోతే, పక్కనే మొక్కలకు నీళ్ళు పెడుతున్న అతను కావాలనే పైపు వంచి వాళ్ళ చెప్పులు తడిసేలా చేసేవాడు. తప్పయిందని అనేవాడు కాదు.

ఒకప్పుడు ఆ గదికి అతనే దిక్కు. ఫుజైరాకు ఉత్తరాన, కొండలు సముద్రం దాకా దిగివచ్చే చోట ఉంది ఆ క్యాంపు. చలికాలం సెలవుల్లో దుబాయ్, షార్జాల నుంచి కుటుంబాలు కార్లలో వచ్చి గుడారాలు వేసుకునేవి. పెద్దలు ఒడ్డున బొగ్గులు రాజేసి మాంసం కాల్చుకుంటుంటే, పిల్లలు తడి జుట్టుతో, ఇసుక కాళ్ళతో గేమ్ రూమ్‌లోకి పరుగెత్తుకొచ్చేవారు. కూర్చుని నడిపే కారు మెషిన్, తుపాకీ మెషిన్, ఇనుప కొక్కెంతో బొమ్మలు పట్టే మెషిన్, అడుగు నుంచి గాలి కొడుతుంటే దాని మీద బిళ్ళ జారే ఎయిర్ హాకీ బల్ల. తల్లులు వచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోతే గానీ ఒక్కరూ కదిలేవారు కాదు.

పర్శరాములుది మెట్‌పల్లి దగ్గర పల్లె. వచ్చిన కొత్తలో దుబాయ్ శివార్లలో కూలీలుండే సోనాపూర్‌లో ఉండి బిల్డింగ్ పనికి పోయేవాడు. ఒకసారి పరంజా చెక్క జారి కింద పడి మోకాలు చెడింది. మెట్లెక్కలేనివాడు ఏ సైటుకూ పనికిరాడు. ఇక ఇంటికి పంపించేస్తారనుకుంటుండగా వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్, అతన్ని తన సొంత క్యాంపులో కాపలాకు పెట్టాడు. మెషిన్లు చూడటానికి అప్పుడప్పుడు వచ్చే మెకానిక్ వెనక నిలబడి పర్శరాములు ఆ పని నేర్చుకున్నాడు. కొన్నాళ్ళకు మెకానిక్ రావడం మానేశాడు, పని పర్శరాములుదే అయింది.

తల్లి లేని అతన్ని బీడీలు చుట్టి పెంచింది అక్క లక్ష్మవ్వ. ఆమెకు ఫోన్‌లో ఈ కొత్త పని గురించి చెప్పడం అతనికి సరదాగా ఉండేది.

"ఏం పని పెట్టిండ్రురా నీకు?"

"పోరగాండ్లను ఆడిపిచ్చుడక్కా."

"దానికి జీతమిస్తరా?"

"ఇస్తరక్కా."

"ఇన్నేండ్లు నిన్ను ఆడిపిచ్చిన, నాకు ఒక్కడన్న ఇచ్చిండా" అని ఆమె నవ్వేది.

టోకెన్లు అమ్మే కౌంటర్ దగ్గర రాజోలు వైపు నుంచి వచ్చిన రాజబాబు ఉండేవాడు. వయసులో చిన్నవాడు, నోరు మంచిది. "ఆయ్, రండి బాబూ" అంటూ భాష తెలియని పిల్లలను కూడా తెలుగులోనే పిలిచేవాడు. ఇద్దరిదీ ఒకే పోర్టా క్యాబిన్, కింది మంచం ఒకరిది, పై మంచం ఒకరిది. వాళ్ళ మధ్య ప్రత్యేకంగా స్నేహమూ లేదు, పగా లేదు.

పగ 2020లో పుట్టింది. కరోనాతో క్యాంపు మూతపడింది. మిగతా వాళ్ళను వేరే చోట్లకు పంపేసి, కాపలాకు వీళ్ళిద్దరినే ఉంచారు. కరెంటు దండగ, అన్నీ బంద్ పెట్టండి అని కఫీల్ ఫోన్‌లో చెప్పాడు. ఆ ఒడ్డున వేసవిలో గాలే తడిగా ఉంటుంది, అందులో ఉప్పు. ఏసీ లేకుండా నెల గడిస్తే మెషిన్ల లోపల రాగి తీగలకు చిలుము పడుతుంది. అందుకని పర్శరాములు రోజూ మధ్యాహ్నం కాసేపు గది తెరిచి, ఏసీ వేసి, ఒక్కొక్క మెషిన్‌నూ నడిపి ఆపేవాడు. ఎలాగూ నడుస్తున్నాయి కదా అని అప్పుడప్పుడు రాజబాబుతో ఓ ఆట ఆడేవాడు కూడా.

అప్పుడే ఊరి నుంచి కబురొచ్చింది, లక్ష్మవ్వకు కిడ్నీలు పాడయ్యాయని. ఇండియాకు ప్రత్యేక విమానాలు మొదలయ్యాయి. ఇద్దరిలో ఒక్కడే పోవాలి, ఒకడు కాపలా ఉండాలి అన్నాడు కఫీల్. పర్శరాములు పెద్దవాడు, పైగా అక్క పరిస్థితి అది. నువ్వే పో అని అతనితో అన్నాడు కఫీల్. అతను బ్యాగు సర్దుకున్నాడు. అక్కకు ఫోన్ చేసి, "ఇంటికి అత్తున్నక్కా" అని చెప్పాడు.

రెండు రోజులకు కఫీల్ మళ్ళీ ఫోన్ చేశాడు. నేను బంద్ పెట్టమంటే నువ్వు కరెంటు కాల్చి ఆటలాడుతున్నావా అని అరిచాడు. ఫొటో కూడా చూశానన్నాడు. నువ్వు అక్కడే ఉండు, రాజబాబు పోతాడు, ఖలాస్ అని పెట్టేశాడు.

క్యాంపులో ఉన్నది ఇద్దరే. ఫొటో ఎవరు పంపారో అడగనక్కర్లేదు. పర్శరాములు తలుపు దగ్గరికి పోయి చూసేసరికి రాజబాబు బట్టలు మడత పెడుతున్నాడు. తలెత్తలేదు.

శ్రావణంలో లక్ష్మవ్వ పోయింది. మేనల్లుడు భూమేశ్ అంత్యక్రియలు వీడియోలో చూపించాడు గానీ సిగ్నల్ ఆగి ఆగి వచ్చింది. ఆ వారంలోనే రాజబాబు ఫోన్ స్టేటస్‌లో కొత్త ఫొటో కనిపించింది, పొత్తిళ్ళలో ఆడపిల్ల. పర్శరాములు దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత లేచి వెళ్ళి గేమ్ రూమ్ మెయిన్ స్విచ్ కట్టేశాడు. తలుపుకు తాళం వేశాడు.

ఆ తర్వాత ఒక్క రోజు కూడా తెరవలేదు. లోపల ఏం జరుగుతుందో అతనికి బాగా తెలుసు. ఎండ తలుపు మీద పడినప్పుడల్లా గుర్తొచ్చేది. కఫీల్ చెప్పిందే చేస్తున్నాడు కాబట్టి ఎవరూ వేలెత్తి చూపలేరు.

చలికాలానికి క్యాంపు తెరిచేసరికి ఒక్క మెషిన్ కూడా పలకలేదు. కఫీల్ విసుక్కుని గదిని మూసేయమన్నాడు. తిరిగొచ్చిన రాజబాబుకు కౌంటర్ లేదు. బాత్రూములు కడిగే పని ఇచ్చారు. పర్శరాములును మొక్కలకు పెట్టారు. ఇద్దరూ మళ్ళీ ఆ క్యాబిన్‌లోనే, ఆ మంచాల మీదే. మాటలు మాత్రం లేవు. కడప వైపు నుంచి వచ్చిన ముసలి సూపర్‌వైజర్ బుడేన్ సాహెబ్ క్యాబిన్‌కు వస్తే చాలు, "ఫోన్ల సప్పుడు తక్కువ పెట్టుమనుండ్రి వానికి" అనేవాడు పర్శరాములు. "సెవులు మూసుకోమనండి ఆయన్ని" అనేవాడు పై మంచం మీది నుంచి రాజబాబు. మీ ఇద్దరి మధ్య నేను పోస్ట్‌మ్యాన్‌నా అని బుడేన్ సాహెబ్ తిట్టుకుంటూ పోయేవాడు. అలా మూడేళ్ళు గడిచాయి.

2023 చలికాలంలో కఫీల్ పెద్దకొడుకు క్యాంపు బాధ్యత తీసుకున్నాడు. వచ్చిన వాళ్ళందరూ పాత గేమ్ రూమ్ గురించే అడుగుతున్నారు, తెరుద్దాం అన్నాడు. బాగుచేయడానికి పర్శరాములు, సాయానికి రాజబాబు.

తాళం తీసేసరికి బూజు వాసన ముఖాన కొట్టింది. రాజబాబు కారు మెషిన్ వెనక రేకు విప్పాడు. లోపలంతా పచ్చటి చిలుము. మూడేళ్ళలో మొదటిసారి నేరుగా అడిగాడు.

"ఒక్క రోజు కూడా కరెంటెయ్యలేదాండి?"

"బంద్ పెట్టుమన్నరు. పెట్టిన. ఫొటో తీసి పంపినవ్ గద, యాదికి లేదా?"

"ఇయ్యన్నీ సచ్చిపోతాయని మీకు తెలుసు."

"మా అక్క సచ్చిపోతదని నీకు తెల్వదా?"

రాజబాబు స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "తెలుసు. మా ఆవిడ మంగకి నెలలు నిండేయి. బిడ్డ అడ్డం తిరిగిందన్నారు. ఒక్కడికే దారన్నాడు ఆయన. నేనేం జెయ్యాల?"

"నన్ను అడుగాలె."

"అడిగితే ఇచ్చేవోడివా?"

ఇచ్చేవాడు కాదు. ఆ సంగతి పర్శరాములుకు అప్పటికప్పుడే తెలిసింది, తెలిసి ఇంకా కోపమొచ్చింది. "అడుగలేదు గద" అన్నాడు. రేకు లాక్కుని పని మొదలుపెట్టాడు.

తుపాకీ మెషిన్ పూర్తిగా పోయింది. దాని భాగాలు పీకి కారు మెషిన్‌కు పెట్టారు. బొమ్మల మెషిన్ కొక్కెం ఎలాగో కదిలింది. ఎయిర్ హాకీ బల్ల కింద గాలి మోటారు విప్పి కడిగి బిగిస్తే మళ్ళీ బుస్సుమంది. ఆ శబ్దం విన్నప్పుడు పర్శరాములు ముఖంలో కాస్త వెలుగు కనిపించిందని, రాజబాబు చూస్తున్నాడని తెలియగానే ఆరిపోయిందని బుడేన్ సాహెబ్ తర్వాత చెప్పాడు.

గది తెరిచిన రోజు షార్జా నుంచి దయాకర్ అనే ఆయన ఇద్దరు పిల్లలతో వచ్చాడు. చిన్నప్పుడు తండ్రితో ఇక్కడికే వచ్చేవాడట. గడప దగ్గరే ఆగిపోయి గది అంతా చూశాడు.

"మా నాన్న ఈ కారు సీటు వెనక నిలబడి బ్రేక్, బ్రేక్ అని అరిచేవాడు. ఆయన లేడిప్పుడు. ఈ గదిలోకి వస్తే ఉన్నట్టే ఉంది. మీరిద్దరూ చాలా ఏళ్ళుగా ఇక్కడే ఉన్నారా?"

"ఆయ్, ఇక్కడే అండి" అన్నాడు రాజబాబు.

"ఎంత అదృష్టమో చూడండి. పొద్దస్తమానం ఈ ఆటల మధ్యే."

"మీరొక పూట ఆడి పోతరు సార్," అన్నాడు పర్శరాములు. "మీకు మంచిగనే ఉంటది."

దయాకర్ నవ్వేశాడు. గొంతులోని విషం ఆయనకు వినిపించలేదు. "మీరిద్దరూ ఒక ఆట ఆడండి, పిల్లలకు చూపిద్దాం" అని టోకెన్ వేశాడు. పిల్లలు బల్ల చుట్టూ మూగారు. కాదనడానికి వీల్లేకపోయింది.

మొదట మెల్లగానే ఆడారు. రాజబాబు రెండుసార్లు బిళ్ళను గోల్‌లోకి కొట్టాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. రాజబాబు అలవాటు ప్రకారం వాళ్ళ వైపు తిరిగి చేయి ఊపాడు, నవ్వాడు. ఆ నవ్వు చూసేసరికి పర్శరాములుకు పొత్తిళ్ళలో పిల్ల ఫొటో గుర్తొచ్చిందో, ఆగి ఆగి వచ్చిన వీడియో గుర్తొచ్చిందో. బిళ్ళను కొట్టే పిడి ఎత్తి బలమంతా పెట్టి కొట్టాడు. బిళ్ళ బల్ల మీద నిలవలేదు, లేచి వెళ్ళి రాజబాబు కనుబొమకు తగిలింది. రక్తం కారి కంట్లోకి దిగింది. దయాకర్ చిన్నకూతురు ఏడుపు అందుకుంది. బల్ల మాత్రం బుస్సుమంటూనే ఉంది.

బుడేన్ సాహెబ్ రాజబాబును క్లినిక్‌కు తీసుకుపోయి కుట్లు వేయించాడు. వచ్చాక పర్శరాములును పక్కకు పిలిచాడు.

"కావాలని కొట్టినావా?"

"కొట్టిన."

"నేను విన్లేదులే. ఆటలో తగిలిందని వాడు డాక్టర్‌కు చెప్పినాడు. కఫీల్ కొడుకుకు కూడా అదే చెప్పినాడు. పో, పని చూసుకో."

పర్శరాములు పని చూసుకోలేదు. నేరుగా క్యాబిన్‌కు వెళ్ళాడు. రాజబాబు కన్ను కప్పేసిన కట్టుతో పై మంచం మీద పడుకుని ఉన్నాడు.

"నన్ను కాపాడమని ఎవడన్నడు నిన్ను?"

"నిన్ను కాపాడ్డానికేం కాదు," అన్నాడు రాజబాబు, గోడ వైపు తిరిగే. "నిన్ను పంపించేస్తే మెషిన్లు చూసేవోడుండడు. మళ్ళీ గది మూసేస్తారు. నాకు మళ్ళీ బాత్రూములు కడిగే ఓపిక లేదు. నీ మీద నాకేం జాలి లేదు."

ఆ మాట విన్నాక పర్శరాములుకు ఊపిరాడింది. వాడికి తను రుణపడింది లేదు. మర్నాడే బుడేన్ సాహెబ్ దగ్గరికి వెళ్ళి, అల్ ఐన్‌లో కఫీల్‌కు ఉన్న ఖర్జూరం తోటకు మార్చమని అడిగాడు. ముసలాయన ఎంతో చెప్పి చూశాడు.

"మెషిన్లు నీ చేతిలో ఉంటేనే నడుస్తాయి గదయ్యా. వాని మీద కోపంతో నీ పని నువ్వెందుకు పోగొట్టుకుంటావు?"

"వాడు అవుపడని కాడ ఉంటే సాలు నాకు."

తోటలో పని ఒళ్ళు వంచే పనే. మోకాలు రాత్రుళ్ళు సలుపుతుంది. అక్కడ పిల్లలు లేరు, గోల లేదు. పక్కనున్న మనుషులు పాత పని గురించి అడిగితే, గేమ్ రూమా, అదొక పెంట, అంటాడు. ఒక్కసారి మాత్రం, "పోరగాండ్లు ఇసుక కాళ్ళతోని ఉరికచ్చేటోళ్ళు. తుడిసి తుడిసి నడుము పోయేది" అని ఇంకా ఏదో చెప్పబోయి ఆగిపోయాడు.

రాజబాబు ఫోన్ చేస్తుంటాడు. మెషిన్ ఆగినప్పుడే చేస్తాడు. పలకరింపులు ఉండవు.

"కారు స్టీరింగ్ ఎడమకి తిరగట్లేదు."

"కింద రేకు ఇప్పు. నల్ల బెల్టు కనపడ్తదా?"

"కనపడతంది."

"ఊడి ఉంటది, ఎక్కియ్యి. జాస్తి గుంజకు, తెగుతది."

అవతల రేకు చప్పుడు, స్క్రూల చప్పుడు. ఎవరో పిల్లలు అరుస్తున్నారు, టోకెన్లు గలగలమంటున్నాయి. పని అయ్యేదాకా పర్శరాములు ఫోన్ చెవికి పెట్టుకుని వింటాడు.

"తిరిగింది," అంటాడు రాజబాబు. కాస్త ఆగి, "మోకాలెలా ఉంది?" అంటాడు.

పర్శరాములు ఫోన్ కట్ చేస్తాడు.