వాగులో కొర్రమీను

మొన్న గట్టి వాన వెలిశాక సుభాష్‌పల్లిలో మా వీధి కాలువ పొంగింది. ఆ బురదనీటి వాసన ఇంట్లోకి రాగానే నాకు నాన్న గుర్తొచ్చాడు.

అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. అమ్మ మంచం పట్టి చాలా రోజులైంది, గంజి కూడా మింగడం లేదు. "కొర్రమీను పులుసు పెడితే బలమొస్తాది" అని పక్కింటి పిన్ని అంది. అది తింటే అమ్మ లేచి తిరుగుతుందని నేను నమ్మేశాను.

రైల్వే వర్క్‌షాపులో పనిచేసే నాన్న ఆ రోజు డ్యూటీ మానేసి, నన్ను వెంటబెట్టుకుని తాల్‌బగీచా అవతలి వాగుకు వెళ్లాడు. వానకు వాగు ఎర్రగా ఉరుకుతోంది. నాన్న గాలానికి మిడతను గుచ్చి నీటిమీద ఆడిస్తుంటే, వరద దాన్ని లాక్కుపోయేది. మళ్లీ విసిరేవాడు.

"నాన్నా, పడినాదా?"

"లేదమ్మా. నీరు జోరుగున్నాది."

"పడితే అమ్మకి తగ్గిపోద్ది కదా?"

"తగ్గిపోద్దమ్మా" అన్నాడు, నా వైపు చూడకుండా.

మధ్యాహ్నానికి ఒక చేప పడింది. నల్లటి వీపు కనిపించిందో లేదో, దారం తెగిపోయింది. నాన్న గబగబా నీళ్లలోకి దిగి, వట్టి చేతులతో వెతికాడు. చాలాసేపు అలాగే వంగి ఉండిపోయాడు.

తిరిగి వస్తూ బజారులో కొర్రమీను కొని, "మనమే పట్టినామని సెప్పు" అన్నాడు.

అమ్మ రెండు చెంచాల పులుసు తాగింది. "మీ నాన్నే పట్టినారా?" అని అడిగింది. ఔనన్నాను. నెల తిరక్కుండానే అమ్మ పోయింది.

ఇక చేయగలిగిందేమీ లేదని డాక్టరు మేం వాగుకు వెళ్లిన ముందురోజే చెప్పేశాడని పెద్దయ్యాక తెలిసింది. ఆ మాట విన్నాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, నాన్న నా చెయ్యి పట్టుకుని వాగుకు బయల్దేరాడు.