మా వంతు ఏంది?

ఆమె ఏదైనా తీసుకునే ముందు ఏదో ఒకటి ఇచ్చేది. హైటెక్ సిటీలోని మా ఆఫీసుకు మొదటిసారి వచ్చినప్పుడు కూడా టీ కప్పు ముట్టకుండానే, సంచీలోంచి ఉడికించిన పల్లికాయ తీసి మీటింగ్ గదిలోని అద్దాల బల్ల మీద కుప్ప పోసింది. మేం సాయం చేద్దామనుకున్న ఊరి బడికి కమిటీ పెద్ద ఆమే.

భీమవరానికి చెందిన మా బాస్ ఉత్సాహంగా చెప్పారు. "గోడలకు రంగులు, లైబ్రరీ, అన్నీ మేమే చేసేస్తామండి."

"మరి మా వంతు ఏంది సారు?"

"మీరేం చెయ్యక్కర్లేదమ్మా. వచ్చి రిబ్బన్ కత్తిరిస్తే చాలు."

ఆమె టీ కప్పును మెల్లగా పక్కకు జరిపింది. "గట్లయితే అది మీ బడి అయితది. రేపు కిటికి పలిగినా మా ఊరోళ్లు మీకే ఫోన్ జేస్తరు. వద్దు తియ్యున్రి."

బాస్ పల్లీలు నమలడం ఆపేశారు. సాయం వద్దన్నవాళ్లను ఆయన అంతవరకు చూడలేదు. సామాను మాది, పని అందరిదీ అని ఒప్పుకున్నాకే ఆమె ఆ చల్లారిన టీ తాగింది.

అనుకున్న శనివారం మియాపూర్ నుంచి బస్సులో, ఒకే రంగు టీషర్టులతో, బ్రష్షులు పట్టుకొని ఆ ఊళ్లో దిగాం. బడి గోడలు అప్పటికే పసుపు రంగులో మెరిసిపోతున్నాయి. మేం ముందుగా పంపిన రంగులతో ఊరివాళ్లు శుక్రవారమే పని ముగించేశారు.

బాస్ కొత్త బ్రష్షును చేతిలో తిప్పుతూ అడిగారు. "మరి మా వంతు ఏంటమ్మా?"

ఆమె నవ్వి ఉల్లిగడ్డల బుట్ట చూపించింది. "పిల్లలకు వంట గావాలె. కూసోని కొయ్యున్రి."

ఆ రోజు ఫొటో మా ఆఫీసు గోడ మీద ఇప్పటికీ ఉంది. అందులో మేమంతా ఎందుకు ఏడుస్తున్నామని కొత్తగా చేరిన ప్రతివాళ్లూ అడుగుతారు.