బాబాయికి తూటా సైజు కావాలి

ఈ సాయంత్రం ఈపూరు నుంచి మా బాబాయి ఫోన్ పట్టుకుని వచ్చాడు. దూరం నుంచి జింకను కొట్టడానికి ఏ సైజు తూటా మంచిదో అందులోని వీడియోలో ఒక విదేశీయుడు చెబుతున్నాడు. ఇంగ్లీషు టీచర్ని కదా, తెలుగులో చెప్పమన్నాడు.

సిక్స్ పాయింట్ ఫైవ్, త్రీ నాట్ ఎయిట్ అంటూ అతను తూటా సైజుల అంకెలు చదువుతుంటే నాకే తల తిరిగింది. "సన్న తూటా దూరం పోయినా పెద్దగా కిందికి దిగదంట, లావుదైతే కాల్చేవాడి భుజాన్ని తుపాకి గట్టిగా తన్నుద్దంట," అన్నాను. అంతలో భయం వేసింది. జింకను చంపితే జైలే.

"నీకెందుకు బాబాయ్ ఇయ్యన్నీ?"

"నా శనగ చేలో జింక చచ్చి పడుందమ్మాయ్. నాకు లైసెన్సు తుపాకి ఉందని ఫారెస్టోళ్లు నన్ను అనుమానిస్తన్నారు. నాది పేలిస్తే పది గుండ్లు చెదురుతయ్. ఆ జింక ఒంటి మీదేమో ఒక్కటే బెజ్జం. ఎవుడో దూరం నుంచి రైఫిల్‌తో కొట్టినట్టుంది. అది ఏ తూటానో తెలిస్తే నేను కాదని చెప్పొచ్చుగా!"

ఫోన్ జేబులో పెట్టుకుంటూ, "నాలుగు రోజులు తిడతా తరిమా దాన్ని. అట్టా పడుంటే మాత్రం చూళ్లేకపోయా," అన్నాడు.

రేపు ఫారెస్టు ఆఫీసుకు తోడు రమ్మన్నాడు. సరేనన్నాను. వ్యాకరణం తప్ప ఏమీ తెలియని నేను అక్కడ తూటాల గురించి ఏం మాట్లాడాలో అర్థం కావడం లేదు. మీలో ఎవరికైనా తెలుసా?