మా అత్తమ్మకు నెల తప్పింది

ఈ దిక్కు నీళ్లు పోసుకునుడంటే రెండర్థాలు. ఒకటి స్నానం, రెండోది కడుపు పండుడు. డెబ్బై దాటిన మనిషి "నీళ్లు పోసుకున్ననే" అంటే ఎవరైనా మొదటిదే అనుకుంటరు. నేనూ గట్లనే అనుకున్న. చూస్తే జుట్టు తడవలే, ఒంటి మీద నిన్నటి చీరనే. అంగన్‌వాడీ సెంటర్‌కు టైమైతుందని నాకు ఒళ్లు మండింది. "పొద్దున్నే అబద్ధాలెందుకత్తమ్మా? బకెట్ల నీళ్లు బకెట్లనే ఉన్నయి గదా!" అన్న.

ఆమె కొంగు సర్దుకొని, పొట్ట మీద చెయ్యి పెట్టుకొని, సిగ్గుపడుకుంట చెప్పింది. "గా నీళ్లు కాదే. నాకు మూడో నెల."

నవ్వొచ్చింది, నవ్విన గూడా. నేను పినపాక దగ్గర ఊళ్లె అంగన్‌వాడీ టీచర్ని. కడుపుతోని ఉన్నోళ్లకు గుడ్లు పెట్టుడు, బరువు చూసుడు, గోళీలు మింగినరా లేదా అని వాళ్లతోని కొట్లాడుడు నా పని. ఇగ ఇంట్ల గూడానా అని మా ఆయనతోని అన్న. ఆయన నవ్వలే. మర్నాడే తల్లిని భద్రాచలం తీస్కపోయిండు. మతిమరుపు జబ్బు ముదిరితే కొందరికి సొంత ఒంటి మీదనే గిట్లాంటి భ్రమలు వస్తయని చెప్పిండు డాక్టరు. కడుపుల పిల్ల ఉందనేటోళ్లు, పేగులే లేవనేటోళ్లు, నేను సచ్చిపోయిన్నని కూసునేటోళ్లు ఉంటరంట. వాదన పెట్టుకోకుండ్రి, షుగర్ గోళీలు మాత్రం ఆపకుండ్రి అన్నడు.

గోళీల కాడనే మొదలైంది గోస. "కడుపుతోని ఉన్నదాన్ని, గా మందులు మింగితే పిల్లకేమన్నైతే?" అని మూతి బిగిచ్చేది. అన్నంల కలిపితే ఏరి పక్కన పెట్టేది. కాలి వేలికి పుండు లేచింది, వేలు నల్లబడ్డది. ఇట్లనే ఉంటే వేలు తీసెయ్యాల్సి వస్తది, కాలు గూడా పోవచ్చన్నరు. ఇగ నేనే తెగించిన. "ఇవి షుగర్‌వి కాదత్తమ్మా, మా సెంటర్ల కడుపుతోని ఉన్నోళ్లకు ఇచ్చేటివి. పిల్లకు బలం" అన్న. గుటుక్కున మింగింది.

అప్పటి సంది రోజూ మింగింది. చింతకాయలు కావాలన్నది, తెచ్చిచ్చిన. నా చెయ్యి గుంజి పొట్ట మీద పెట్టుకొని "తంతుంది చూడే" అనేది. "అవ్ అత్తమ్మా" అనేదాన్ని. పుండు మానుకుంట వచ్చింది.

ఓ పొద్దు గోళీ మింగి, గ్లాసు నా చేతికిచ్చి, నా మొఖం దిక్కు చూసింది. "పుట్టంగనే నీకే ఇస్త బిడ్డా. ఈ వయసుల నాకెందుకు? నీ కడుపు పండలే గదా, అందుకే నేను మోస్తున్న."

పెండ్లై మధిర నుంచి వచ్చినప్పటి సంది నన్ను గొడ్రాలని పది మందిల అన్నది ఈమెనే. పేరంటంల ముందు కూసోవద్దని చెయ్యి పట్టి లేపింది ఈమెనే. నేనూ ఊకోలే, మాటకు మాట అన్న. ఏండ్లకేండ్లు గట్లనే గడిచినయి. అవన్నీ ఆమెకు యాదికి లేవు. నాకు పిల్లల్లేరన్నది మాత్రం యాదుంది. నేను వంటింట్లకు పోయి కొంగు నోట్ల కుక్కుకున్న.

వానలు మొదలైనంక ఒక పొద్దున గోళీ ఇయ్యబోతే నోరు తెరవలే.

"కదుల్తలేదు" అన్నది.

"కదుల్తది అత్తమ్మా, పండుకున్నదేమో" అని చెయ్యి పెట్టబోయిన. నా చెయ్యి నెట్టేసింది.

"నాకు తెల్వదా? సచ్చిపోయింది. నీ పిల్లను కాపాడలేకపోయిన బిడ్డా, నన్నేం అనకు" అని రెండు చేతులు జోడిచ్చింది.

మింగితే మళ్లా కదుల్తదని చెప్పాలె. నోటిదాక వచ్చింది, చెప్పలేకపోయిన. పక్కన కూలబడి బోరున ఏడ్చిన. లేని పిల్ల కోసం అత్తాకోడళ్లం ఒకళ్లనొకళ్లం పట్టుకొని ఏడ్చినం. ఆమెనే ముందు తేరుకొని నా కండ్లు తుడిచింది. "ఊకో బిడ్డా, నీకింకా వయసున్నది" అన్నది. నాకు యాభై దాటినయి.

ఆనాటి సంది ఆమె గోళీ ముట్టలే. వేలు మళ్లా నల్లబడుతుంది. "నువ్వు చెప్తేనే వింటది, ఇంకేదన్న అబద్ధం చెప్పరాదే" అంటడు మా ఆయన. రోజూ గోళీ చేతుల పట్టుకొని ఆమె దగ్గరికి పోత. నన్ను చూడంగనే చేతులు జోడిస్తది. తిరిగి వచ్చేస్త.