జపాన్ తమ్ముడి మూడోదినం

మొన్న వేరుశనగ విత్తనకాయలకు పేరు రాయించుకోవాలంటే పట్టాదారు పాసుపుస్తకం తెమ్మన్నారని పాత ట్రంకుపెట్టె దించి వెతికితే, పాసుపుస్తకం దొరకలేదు గానీ దాని చెల్లెలు దొరికింది. నీలం అట్ట, దానిమీద బంగారు సింహాలు, లోపల నేనే గుర్తుపట్టలేని నా మొహం. గడువు తీరి నాలుగు నెలలైంది. పేజీలన్నీ ఒక్కొక్కటిగా తిప్పాను. ఏ దేశం ముద్రా లేదు. దాని కింద మూతకు గుడ్డ చుట్టిన పౌడరు డబ్బా ఒకటి ఉంది. తెరిస్తే పసుపు, పుల్లమజ్జిగ, నూనె కలిపి తొక్కిన, కుస్తీలు పట్టే గరిడీ ఎర్రమన్ను. గడ్డకట్టిపోయినా వాసన ఇంకా పూర్తిగా పోలేదు. ఆ పాస్‌పోర్టునూ ఆ డబ్బానూ మంచంమీద పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. విత్తనకాయల సంగతి ఆ పూట మరిచిపోయాను.

సుమో కుస్తీలు చూడడానికి గార్లదిన్నె పక్క పల్లెనుంచి ఐదుమందిమి కలిసి జపాన్ పోదామనుకున్న కథ ఇది. నేను ఏం చెప్పినా సగం తీసేసి నమ్మాలని మా ఊళ్లో ఒక అలవాటుంది. దీంట్లో మాత్రం మీరేమీ తీసేయకండి. తీసేయాల్సినవి నేనే తీసేశాను.

ఆ రోజుల్లో నేను గుట్టమీది గాలిమరల కంపెనీకి జీపు తోలేవాణ్ణి. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లందరికీ ఒక్కొక్కరికి ఒక్కొక్క కథ చెప్పాను, ఇప్పుడు వాటిలో అసలుది ఏదో నాకే తెలియదు. నాకు చుట్టమని చెప్పుకోడానికి మా మేనమామ కొడుకు ఒక్కడే ఉండేవాడు, బావ. వయసులో ఉన్నప్పుడు మా ఊరి గరిడీలో పైల్వాను. ఉరుసుల్లో కుస్తీలు పట్టి చెవులు నలిగి చింతపండు ముద్దల్లా అయిపోయినవాడు. తర్వాత ఐదెకరాల మెట్టలో శనక్కాయ వేసుకుంటూ వాన కోసం ఎదురుచూసేవాడు, మా అందరిలాగే. నేను కథ మొదలుపెడితే ఊఁ కొట్టేది ఆయనే. కథ చెప్పేవాడికి ఊఁ కొట్టేవాడు ఎంత ముఖ్యమో మన వయసువాళ్లకు చెప్పాల్సిన పనిలేదు. నాలుగు మాటలకొక ఊఁ, మలుపు దగ్గర కొంచెం పొడుగు ఊఁ. మధ్యలో ఊఁ ఆగిందంటే వినేవాడు నిద్రపోయాడని లెక్క. బావ ఊఁ ఏనాడూ ఆగలేదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, ఊరంతా చిన్నాయన అని పిలిచే ఆయన టీ అంగట్లో కరెంటు వచ్చిన సంబరంలో టీవీ తిప్పుతుంటే సుమో వచ్చింది. కొండల్లాంటి మనుషులు, గోచి తప్ప వేరే గుడ్డలేదు, మట్టి దిబ్బమీద గడ్డితో గుండ్రంగా కట్టిన కట్ట మధ్యలో నిలబడి గుప్పెళ్లతో ఉప్పు తీసి విసురుతున్నారు. బావ చేతిలో టీ గ్లాసు అట్లాగే ఉండిపోయింది.

“యామిరా ఇది, మన్నులో ఉప్పు సల్లుతాండారు? సౌడు పట్టిపోదా?”

“అది దిష్టికి లేప్పా,” అన్నాడు చిన్నాయన.

“దిష్టికయితే మూడుసార్లు తిప్పి పొయ్యిలో ఎయ్యల్ల గానీ, మన్నులో ఎవురన్నా ఏస్తారా?”

రిటైరైన పంతులు మామ అద్దాలు సర్దుకుని, పాదం తప్ప ఒంట్లో ఏది నేలకు తగిలినా ఓడినట్లేనని, కట్ట దాటి బయట అడుగుపెట్టినా ఓడినట్లేనని విడమరిచి చెప్పాడు. బావ టీవీ దగ్గరికి జరిగాడు.

“మన్ను ముట్టుకుంటే ఓడిపోయినట్లా? అట్లయితే మనం పుట్టినప్పట్నుంచీ ఓడిపోతానే ఉండాం గదరా.”

అందరం నవ్వాం. ఆయన మాత్రం నవ్వలేదు. ఒక్కసారి అక్కడికి పోయి ఆ మన్ను చేత్తో నలిపి చూడాలని ఉందన్నాడు. చౌడు తేలిందో లేదో నలిపితే తెలిసిపోతుందట. కర్నూలు దాటి ఎరుగని మనిషి నోట ఆ మాట విన్నాక నా నోరు ఊరుకోలేదు. నాకు జపాన్‌లో తమ్ముడున్నాడని చెప్పేశాను.

ఆ తమ్ముడి అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. గాలిమరలు చూడడానికి ఒకసారి జపాన్ ఇంజనీరొకాయన వచ్చాడు. అనంతపురం స్టేషన్లో ఎక్కించుకున్నాను, గుట్ట చేరేదాకా నిద్రపోయాడు, దిగి నా ముందు నడుము వంచి దండం పెట్టాడు. అంతే, మళ్లీ చూడలేదు. కానీ నాకు అంతకుముందు ఎవరూ నడుము వంచి దండం పెట్టలేదు. ఆ ఒక్క వంగడం మీద మేడలు లేపాను. ఆయన నా చేత్తో పెట్టిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని కన్నీళ్లు పెట్టుకున్నాడని, నన్ను అన్నా అని పిలిచాడని, వాళ్ల బావమరిది సుమో పైల్వానని, ఒక్క పూటకు నలభై రాగిముద్దలు మింగగలడని, మేమెప్పుడొచ్చినా కట్టకు ఆనుకుని పరుపులమీద కూర్చోబెట్టి చూపిస్తానని మాట ఇచ్చాడని చెప్పాను. ముద్దల లెక్క దగ్గర పంతులు మామ దగ్గాడు. బావ పొడుగ్గా ఊఁ అన్నాడు.

ఇక ఆ ఏడాది మా ఊళ్లో జపాన్ తప్ప వేరే మాట లేదు. బావ, చిన్నాయన, పంతులు మామ, ట్రాక్టరు నడిపే, ఊరి వరసలో అన్న అయ్యే ఒకాయన, నేను, ఐదుమందిమి. పాస్‌పోర్టుల కోసం అనంతపురం పోయినప్పుడు బావ పాస్‌పోర్టంటే పాసుపుస్తకానికి సంబంధించిందేమో అనుకుని అడంగల్ కాగితాలు, సర్వే నంబర్లు కూడా సంచిలో పెట్టుకుని వచ్చాడు. ఒంటిమీద గుర్తులేమున్నాయని అడిగితే రెండు చెవులూ ముందుకు పెట్టి చూపించాడు. ఊరికొచ్చాక చిన్నాయన అంగడి ముందర పుల్లలతో తినడం నేర్చుకునేవాళ్లం, వేపపుల్లలు చెక్కి ఉగ్గాని తింటే బొరుగులన్నీ కోళ్లకే పోయేవి. మోకాళ్లు మడిచి గంటసేపు కూర్చోవడం కూడా సాధన చేశాం. అన్న లేవలేకపోతే ఇద్దరం పట్టి లేపాం. బావ తన పాత గరిడీకి పోయి ఒక మూల తవ్వి మన్ను పౌడరు డబ్బాలో నింపి తెచ్చాడు. మన మన్ను అక్కడ ఒక పిడికెడు వేసి, వాళ్ల మన్ను ఒక పిడికెడు తెచ్చి గరిడీలో కలపాలట. గరిడీలో కుస్తీ పట్టేవాళ్లు లేక అప్పటికే పదేళ్లు. ఆ మాట ఆయనకు ఎవరమూ గుర్తుచేయలేదు.

నవ్వుతూ పుల్లలు చెక్కుతున్నాను గానీ లోపల నాకు గుబులుగానే ఉండేది. ఎయిర్‌పోర్టులో మమ్మల్ని ఎదురొచ్చి పిలుచుకుపోయేవాడు ఎవడూ లేడని తెలిసింది ఐదుమందిలో నాకొక్కడికే. ఈ లోపల అదృష్టమో మరొకటో ఒక్కొక్కరే జారుకున్నారు. అన్న మోకాలికి ఆపరేషన్ అన్నారు. పంతులు మామకు ఇంట్లో ఒప్పుకోలేదు. చిన్నాయన అంగడి మూస్తే పక్క అంగడికి అలవాటు పడతారని భయపడ్డాడు. నాకు గండం గడిచిందనిపించింది. అప్పుడొచ్చాడు బావ, పొద్దున్నే, కొత్త సంచి భుజానికేసుకుని.

“వాళ్లు రాకుంటే పాయె. ఇద్దరమే పోదాం పా బామ్మర్దీ. ఒకసారి నీ తమ్మునికి ఫోన్ కలుపు, సలాం కొడతా. ఆ ఉప్పు సంగతీ అడగల్ల.”

ఇక్కడ ఆగి చాలాసార్లు ఆలోచించాను. తమ్ముడూ లేడు, పాడూ లేడు, అయినా ఇద్దరం పోదాం బావా అని ఒక్క మాట అనుంటే ఆయన రెండు తిట్లు తిట్టి సంచి సర్దుకునేవాడే. ఆయనకు కావలసింది మన్ను, నా తమ్ముడు కాదు. అది ఈ పూట తెలుస్తోంది. ఆ పూట మాత్రం నా నోరు తనకు అలవాటైన దారిలోనే పోయింది. తల దించుకుని, తమ్ముడు పోయినాడు బావా, నిన్ననే కబురొచ్చింది, గుండెపోటంట అన్నాను.

బావ తలగుడ్డ తీసేసి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. కాసేపటికి లేచి నా భుజం పట్టుకుని, పొయ్యి ముట్టించొద్దని చెప్పి వెళ్లిపోయాడు. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, చుట్టాలు వండి తెస్తారు. మూడు రోజులు రెండు పూటలా నేను అక్క అని పిలిచే తన భార్య చేత సంగటీ పప్పూ చేయించి ఎండలో మోసుకొచ్చాడు. నేను తినేదాకా ఎదురుగా కూర్చునేవాడు. నాకు ముద్ద దిగేది కాదు. దుఃఖం వల్ల అనుకునేవాడు. మూడోరోజు నన్ను బావి మోటారు దగ్గరికి తీసుకుపోయి తలమీద నీళ్లు పోయించి, తమ్ముడికి ఇష్టమని నేను చెప్పిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ విస్తరాకులో పెట్టి గోడమీద ఉంచాడు. ఒక కాకి వచ్చి బజ్జీ ముక్క ఎత్తుకుపోయింది.

“సూడు, వచ్చినాడు. అంత దూరం నుంచి యెట్లొచ్చినాడో సూడు,” అన్నాడు బావ, కళ్లు తుడుచుకుంటూ.

మీరు నమ్మరు గానీ, ఆ కాకిని చూసి నాకూ ఏడుపొచ్చింది.

తర్వాత కొన్నాళ్లకు కంపెనీ డ్రైవరొకడు టీ అంగట్లో కూర్చుని, పోయిన నెల ఆ జపానాయన మళ్లీ వచ్చాడని, బాగా ఒళ్లు చేశాడని చెప్పాడట. ఇంకేముంది, ఊరంతా పకపకలు. కానీ బావ చెవిన మాత్రం ఎవరూ వేయలేదు. మూడు దినాలు సంగటి మోసిన మనిషికి ఎట్లా చెప్పేదప్పా, నువ్వే చెప్పుకో అని చిన్నాయన నాకే వదిలేశాడు. చెబుదామనే ప్రతిసారీ పోయేవాణ్ణి. పోతే ఆయన డబ్బా అటకమీద నుంచి దించి, మూత తీసి చూసి, మళ్లీ గుడ్డ చుట్టేవాడు. ఉప్పు సంగతి అడిగేలోపలే పోయినాడు పాపం అనేవాడు. నేను వేరే కథ ఏదో మొదలుపెట్టేవాణ్ణి. ఆయన ఊఁ కొట్టేవాడు. అట్లా రెండేళ్లు గడిచాయి.

ఒక శ్రావణంలో, పదును వర్షం పడిందని తెల్లవారుతూనే విత్తనం వేయడానికి ఇద్దరం చేనికి పోయాం. విత్తే గొర్రు వెనకాల వస్తున్న నేను పాత కథ ఒకటి చెబుతున్నాను. మలుపు దగ్గర ఊఁ వినపడలేదు. తలెత్తి చూస్తే బావ ముందుకు ఒరిగి ఉన్నాడు, రెండు చేతులూ మన్నులో పెట్టి.

ఆయన తలగుడ్డ పట్టుకుని ఊళ్లోకి పరుగెత్తాను. చిన్నాయన అంగడి ముందర నలుగురున్నారు. బావ పోయినాడు అన్నాను. చిన్నాయన టీ వడపోస్తూ తలెత్తకుండానే నవ్వాడు.

“ఈ పొద్దు బావను సంపినావా అప్పా? మల్ల కాకికి ఉగ్గాని పెట్టల్లనా?”

మిగతావాళ్లూ నవ్వారు. నేను మళ్లీ చెప్పాను. ఇంకా గట్టిగా నవ్వారు. ఎట్లా చెబితే నమ్ముతారో, కథలు అల్లడంలో పేరున్న నాకు ఆ క్షణం తెలియలేదు. నిజానికి ఏ గొంతు పెట్టాలో నేను ఎప్పుడూ నేర్చుకోలేదు. చివరికి చిన్నాయన చూపు నా చేతిలో మట్టి అంటిన తలగుడ్డ మీద పడింది. టీ గ్లాసు కింద పెట్టేశాడు.

ఆ మూడు రోజులూ చుట్టాలంతా బావ ఇంటికే సంగటి మోశారు. అది న్యాయమే. బామ్మర్ది ఇంటికి ఎవరు తెస్తారు? తెచ్చేవాడు ఒకడుండేవాడు, వాడే పోయాడు. నేను పొయ్యి ముట్టించలేదు గానీ ఆ సంగతి ఎవరూ గమనించలేదు. అక్క బుక్కరాయసముద్రంలో తన తమ్ముడి దగ్గరికి పోతూ డబ్బా నా చేతికిచ్చింది.

ఇప్పుడు సుమో నా ఫోన్లోనే వస్తుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు. ఆ మధ్య ఒక వీడియోలో బావ అడిగిన దానికి జవాబు దొరికింది. వాళ్లు ప్రతి పోటీకీ పాత దిబ్బ పగలగొట్టి కొత్తగా మట్టి కొట్టి కడతారట. చౌడు పట్టే ప్రశ్నే లేదు. నా జన్మలో నాకు దొరికిన పెద్ద నిజం అదే అనిపించి, గబగబా టీ అంగడికి పోయి చెప్పాను. చిన్నాయన ఇప్పుడు కూర్చోవడం లేదు, అంగడి వేరేవాళ్లు నడుపుతున్నారు. బెంచీమీద ఆరుగురున్నారు, ఆరుగురి చేతుల్లో ఆరు ఫోన్లు. ఒకడు తలెత్తకుండా అవునా అన్నాడు. అంతే. నమ్మలేదంటే ఒక దారి. నవ్వినా సరిపోయేది. ఒకప్పుడు మా ఊళ్లో నన్ను నమ్మేవాళ్లు లేకపోయినా, అబద్ధాలకోరు అని తిట్టడానికైనా పది మంది వినేవాళ్లు ఉండేవాళ్లు. ఇప్పుడు తిట్టాలన్నా ముందు వినాలి కదా, అంత తీరిక ఎవరికుంది?

నిన్న సాయంత్రం డబ్బా పట్టుకుని బావ చేనికి పోయాను. కౌలుకు తీసుకున్నవాళ్లు ఇంకా విత్తనం పెట్టలేదు, వాన లేదు. గట్టుమీద కూర్చుని మొత్తం చెప్పాను. తమ్ముడు లేడని, నడుము వంచిన దండం ఒక్కటే ఉందని, మన్నుకు ఏమీ కాదని, కొత్తది కొడతారని. గుట్టమీద గాలిమరలు తిరుగుతున్నాయి. రెక్క కిందికి దిగినప్పుడల్లా ఊఁ అంటుంది, మళ్లీ ఇంకో రెక్క, ఊఁ. చెబుతూ పోయాను. కొంతసేపటికి గాలి పడిపోయింది.