పట్టుకోనా అని అడిగిన మేష్ట్రు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే పెద్ద నోరు నాదేనని మా బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. ఆ నోరే లేకపోతే ఇప్పుడు నేను చెప్పబోయే సంగతి జరిగేదే కాదు. అయితే నోరుండటం వేరు, ఆ నోటి మాటకు ఎదుటివాళ్ళు ఆగడం వేరు. ఆ తేడా నాకు తెలిసింది బెంగళూరు బళేపేటలో, మా మేనత్త గాజుల అంగడిలో.

అంగడి కింద, మా ఇల్లు పైన. పక్క వీధి సత్రం హాలులో పొద్దున్నే పిల్లలకు యోగా నేర్పేవారు. నేర్పే ఆయన ఇంట్లో మాట్లాడేది మన తెలుగే అయినా, పేటలో అందరిలాగే మేమూ ఆయన్ని కన్నడంలో మేష్ట్రు అనేవాళ్ళం. ఆ ఏడు నవంబరులో కన్నడ రాజ్యోత్సవానికి వీధిలో స్టేజి కట్టి మాచేత ఆసనాలు వేయిస్తారని తెలిసిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. మైకులో పేర్లు చదువుతారట! రంగు లైట్లు వేస్తారట! అందరికంటే ముందు, నడిమధ్యలో, చక్రాసనం వేయబోయేది నేనట! వెల్లకిలా పడుకుని, అరచేతులూ అరికాళ్ళూ నేలకు ఆనించి, నడుమును గాలిలోకి లేపి విల్లులా నిలవాలి. నేను మెట్ల మీద, మిద్దె మీద, చివరికి గాజుల పెట్టెల సందులో కూడా అదే వేసేదాన్ని.

చిక్కల్లా మేష్ట్రు చేతులతోనే. ఆయన జంబుఖానా మీద మా వరసల మధ్య తిరుగుతూ, చెప్పాపెట్టకుండా ఒకరి మెడ వంచేవాడు, ఒకరి వీపు మీద బరువేసి నొక్కేవాడు, ఒకరి నడుము కింద చేతులు పెట్టి పైకి ఎత్తేవాడు. మంచివాడే కదా, పిల్లలకు నేర్పడానికే కదా అంటారు మీరు. మంచివాడే. అందుకే ఆయన సంగతి చెబుతున్నాను. చెడ్డవాడికైతే వేరే మాటలున్నాయి, చెప్పులూ ఉన్నాయి. మంచివాడికి ఏం చెప్పాలన్నదే ఎవరికీ తెలియదు. నా నడుముకు ఆయన చెయ్యి తగిలేసరికి నా ఒళ్ళంతా కొయ్యబారేది. ఊపిరి ఆగేది. లేచిన నడుము లేచినట్టే కిందపడేది.

ఒకరోజు అనేశాను. "మేష్ట్రే, చెయ్యి వెయ్యొద్దండి. నేనే లేస్తాను."

ఆయనకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. అదింకా అన్యాయం. "గురువు చెయ్యి పడితేనే ఆసనం కుదిరేది పాపా. చెయ్యి వద్దంటే స్టేజీ వద్దన్నట్టే" అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మకు చెబితే, "ఆయప్ప నీకు నాయన మాదిరి. సుమ్మనే గలాటా చేయొద్దు" అని పోపు వేయడానికి వెళ్ళిపోయింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. స్టేజి పోతుందన్న ఏడుపు ఒకటి, నోరు తెరిచి చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదన్న ఏడుపు ఇంకొకటి. కిందికి దిగి అత్త పక్కన కూర్చున్నాను. అంతా విని అత్త అడిగింది ఒక్కటే.

"నొప్పి పుడతాదా, నచ్చలేదా?"

"నొప్పేం లేదు. నచ్చలేదు."

"అది చాల్లే" అంది.

అంతే. ఎందుకు నచ్చలేదు, ఎంత నచ్చలేదు అని ఆరా తీయలేదు.

దీపావళి ముందు మేష్ట్రు తన భార్యను వెంటబెట్టుకుని గాజులకు వచ్చాడు. అంగడి కిటకిటలాడుతోంది. అత్త గాజులు తొడిగే తీరు ఇక్కడ చెప్పాలి. బల్ల మీద ఒక చిన్న దిండు. దాని మీద తన అరచేతిని పైకి తెరిచి పెట్టి ఊరకే కూర్చునేది. వచ్చినావిడ తనంతట తాను చెయ్యి తెచ్చి అందులో పెట్టాలి. ఎంత రద్దీ ఉన్నా అత్త ముందుకు వంగి ఎవరి చెయ్యీ లాగేది కాదు. బిగుసుకున్న చేతికి గాజు ఎక్కదు, పగిలి గుచ్చుకుంటుంది. మేష్ట్రు భార్యకూ అలాగే, మెల్లగా, పిడికిలి కణుపులు ఒత్తుతూ ఆకుపచ్చ గాజులు తొడిగింది.

తొడగడం అయ్యీ కాగానే అత్త చటుక్కున మేష్ట్రు చెయ్యి పట్టి బల్ల మీదికి లాగింది. ఆయన బొటనవేలి మొదలు నొక్కుతూ ఒక రాగి కడియం ఎక్కించబోయింది.

"అయ్యయ్యో! ఏందమ్మా ఇది! వదలమ్మా!"

"ఏం కాదు మేష్ట్రూ. ఒళ్ళు వదులు చేయండి. గాజులోళ్ళ చెయ్యి పడితేనే కడెం ఎక్కేది."

"నాకు కడెం వద్దప్పా! అడక్కుండా చెయ్యి పట్టుకుంటారా ఎవరన్నా?"

"అడగల్లా?" అత్త కళ్ళు పెద్దవి చేసింది. "మీ క్లాసులో అడగరంట గదా. అదే పద్ధతేమో అనుకుంటి."

ముందు నవ్వింది మేష్ట్రు భార్యే. కొత్త గాజులు గలగలలాడేలా నవ్వి, "బాగా అడిగినావక్కా. ఇంట్లో గూడా ఇదే వరస!" అంది. అంగడిలో ఆడవాళ్ళంతా అందుకున్నారు. మేష్ట్రు ఎర్రబడిన చెయ్యి రుద్దుకుంటూ, ఎర్రబడిన మొహంతో అంగడి మెట్లు దిగిపోయాడు. నేనేమో పెట్టెల వెనక నక్కి, అయిపోయింది, నా స్టేజి కాస్తా గంగలో కలిసిపోయింది అనుకున్నాను.

మర్నాడు పొద్దున హాలుకు వెళ్ళి చివరి వరసలో నిలబడ్డాను. మేష్ట్రు ఎప్పటిలాగే వరసల మధ్యకు వచ్చాడు. కానీ చేతులు వెనక్కి కట్టుకున్నాడు! నా దగ్గర ఆగి, గొంతు సవరించుకుని, కొత్త భాష నేర్చుకుంటున్నవాడిలా అన్నాడు.

"పట్టుకోనా?"

నేను "వద్దు" అన్నాను. నిజంగా వద్దనా? కాదు. అంటే ఏమవుతుందో చూద్దామని!

"సరే" అని ముందుకు వెళ్ళిపోయాడు.

అబ్బ, ఆ ఆనందం ఏమని చెప్పను! ఒక్క మాట అన్నాను, అంత పెద్దమనిషి వెనక్కి జరిగాడు, పైకప్పు కూలలేదు. ఆ సంతోషంలో నడుము లేపబోయి దభీమని పడ్డాను, పడి పకపకా నవ్వాను. దాంతో హాలంతా అంటుకుంది. "నాకూ వద్దు మేష్ట్రే!" "నాకూ!" చక్కగా నిలబడినవాళ్ళు కూడా వద్దనడమే. ఆయన నడుము మీద చేతులు పెట్టుకుని, "ఏమప్పా, అందరికీ వద్దయితే నేను ఇంటికి పోయి కాఫీ తాగతా ఉంటా" అన్నాడు. అని వెళ్ళలేదు. జంబుఖానా మీద తనే వెల్లకిలా పడుకుని, వేళ్ళు ఎటు తిప్పాలో, బరువు ఎక్కడ మోపాలో వేసి చూపించాడు. అంతవరకూ చేతులతో తోసేవాడు, ఆ రోజు మొదటిసారి నోటితో నేర్పాడు. కొన్నాళ్ళకు నేనే పిలిచాను, ఇప్పుడు పట్టుకోండి అని. అదే చెయ్యి, అదే నడుము. కానీ ఒళ్ళు కొయ్యబారలేదు. చాలు అనగానే ఆ చెయ్యి తొలగిపోయింది.

రాజ్యోత్సవం నాడు స్టేజి మీద నా పేరు చదివారు. లైట్ల వేడికి అరచేతులు చెమట పట్టి జారాయి. నడుము సగం లేచి ఆగిపోయింది. తల నేలకు ఆనింది. కింద వీధి వీధంతా చూస్తోంది. మేష్ట్రు వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అంతమంది ముందు తన పరువే పోతుంటే ఆయన నన్ను గబుక్కున ఎత్తేయవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. చేతులు చాచి, నాకు తగలకుండా ఆపి, మెల్లగా అడిగాడు. నా జవాబు కోసం ఆగాడు. నేను "ఊఁ" అన్నాను. లేచాను! మొత్తం బళేపేట తలకిందులుగా, వెలుగుతూ, నాకోసం చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. అదే ఊళ్ళో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా అపార్ట్‌మెంటు యోగా క్లాసుకు వెళతాను. మొన్న మా అమ్మాయి వయసున్న టీచరు వెనక నుంచి వచ్చి నా భుజాలు నొక్కింది. అడగమన్నాను. "ఆంటీ, జస్ట్ అడ్జస్ట్‌మెంట్ కదా!" అంది. అడ్జస్ట్‌మెంట్ ఎవరు చేసుకోవాలన్న దాని మీద క్లాసు అయ్యేదాకా వాదించాను. నన్ను గయ్యాళి అనుకుంటే అనుకోనీ. ఈ వారం నుంచి అడుగుతోంది.

అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. ఊపిరి ఒకసారి లోపలికి తీసుకుని, నిదానంగా వదిలి, ఊరకే ఉంటాను. అప్పటిదాకా ఎదుటి చెయ్యి గాలిలో ఆగే ఉంటే, అప్పుడు ఊఁ అంటాను.